తరగతికి ఇద్దరు

నలభై మంది ఉన్న తరగతి గదిలో ఇద్దరికైనా ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు వంటి లక్షణాలుండే మెదడు ఎదుగుదల సమస్య) ఉంటుందనుకోవాలి. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2007 నాటి సమీక్షలో పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఈ సమస్య ఉందని తేలింది. తర్వాతి సమీక్షలు 7 శాతం దాకా వెళ్లాయి. అమెరికాలో 2022 సర్వే ప్రకారం 3-17 ఏళ్ల వారిలో 11.4 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు వైద్యులు దీన్ని నిర్ధారించారు. నిర్ధారణ పెరిగినంత మాత్రాన జబ్బు పెరిగినట్లని బెంబేలెత్తడం తగదు. తిరుపతిలో మా ఆందోళన వేరు. ఇక్కడ ఎందరో పిల్లలు ఏ లెక్కలోకీ రాకుండానే పెద్దవాళ్లయిపోతున్నారు.

మన బళ్లలో వాళ్లకు వేరే పేర్లున్నాయి: అల్లరోడు, మొద్దు, సోమరి. అలాంటి పిల్లవాడి లెక్కల నోటుబుక్కు ఒకసారి తెరవండి. మొదటి రెండు లెక్కలూ సరిగ్గా ఉంటాయి. మూడోదాంట్లో కూడికకు బదులు తీసివేత చేసి ఉంటాడు. నాలుగోది సగంలోనే ఆగిపోతుంది. కింద ఎర్ర సిరాతో ‘కేర్‌లెస్’ అని రాసి ఉంటుంది. తెలివి లేనివాడికి మొదటి రెండు మాత్రం ఎలా వస్తాయి? తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే హాస్టళ్లలో వీళ్ల పాట్లు చెప్పనలవి కావు. కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించినా బెత్తం పూర్తిగా మాయం కాలేదు. ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. గొడవ చేయకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చునే అమ్మాయిని ఎవరూ పట్టించుకోరు.

కుదురుగా కూర్చోలేని ప్రతి పిల్లవాడికీ ఈ పేరు తగిలించమని మేము అనడం లేదు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై, కనీసం ఆరు నెలలు, ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి. చూపు, వినికిడి, నిద్ర ముందుగా చూడాలి. తరగతిలో అందరికంటే చిన్నవాళ్లకే ఈ నిర్ధారణ ఎక్కువగా జరుగుతోందని అమెరికాలో 2018లో ఒక అధ్యయనం చూపింది. పిల్లల్ని ముందే బడిలో వేసే మన తల్లిదండ్రులు దీన్ని గమనించాలి.

ఇది ప్రధానంగా వంశపారంపర్యంగా వచ్చేది. పెంపకం సరిగా లేదని తల్లిని నిందించడం ఇకనైనా మానాలి. కొండకు మొక్కుకున్నా, తాయెత్తు కట్టించినా తప్పుపట్టం. తిరుపతిలోని ప్రభుత్వాసుపత్రి రుయాలో ఓపీ చీటీ కూడా తీసుకోండి; పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ అక్కడే ఉన్నాయి. వెళ్లగానే మందులు రాసేస్తారన్న భయం అక్కర్లేదు. ఆరేళ్లలోపు పిల్లలకైతే తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వడమే తొలి చికిత్స. పెద్దపిల్లలకు మందు అవసరమైతే వైద్యుల పర్యవేక్షణలో వాడటానికి జంకనవసరం లేదు.

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో పరీక్షించాల్సిన 30 సమస్యల్లో ఏడీహెచ్‌డీనీ చేర్చింది. ఎత్తు, బరువు, పళ్లు చూసి వెళ్లిపోతే ఇది బయటపడదు. పరీక్షకు వచ్చే బృందం క్లాస్ టీచర్‌తో పది నిమిషాలు కూర్చోవాలి. అనుమానం ఉన్న పిల్లల్ని రుయాకు, చిత్తూరు జిల్లా ఆసుపత్రికి రాతపూర్వకంగా పంపాలి. బడుల నుంచి ఎందరిని పంపారో, వారిలో ఎందరు వైద్యుడి దాకా చేరారో తిరుపతి, చిత్తూరు జిల్లాల యంత్రాంగాలు మూడు నెలలకోసారి ప్రకటించాలి. ప్రైవేటు హాస్టళ్లకూ ఇందులో మినహాయింపు ఉండకూడదు.