నొప్పి లేదని నోటిని వదిలేస్తే

నాలుగు రోజులు నిద్ర పట్టనీయకుండా సలిపిన పన్ను ఉన్నట్టుండి ఊరుకుంటే హమ్మయ్య అనుకుంటాం. చాలాసార్లు అప్పటికి తగ్గింది జబ్బు కాదు, పన్ను లోపలి నరం చచ్చిపోయి ఉంటుంది. నొప్పి చెప్పాల్సిన నరమే లేనప్పుడు నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది? క్రిములు మాత్రం పని ఆపవు. వేరు కొస దాటి దవడ ఎముకలోకి దిగి, కొన్ని వారాలకో నెలలకో చీముగడ్డగా బయటపడతాయి. నొప్పి ఉంటేనే జబ్బు, లేకపోతే లేదు అనే లెక్క నోటి దగ్గర ఎంత తప్పుతుందో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన నివేదిక ప్రకారం దాదాపు 350 కోట్ల మంది ఏదో ఒక నోటి జబ్బుతో ఉన్నారు. శాశ్వత దంతాల్లో పిప్పి ఉన్నవారే సుమారు 200 కోట్లు. ముదిరిన చిగుళ్ల వ్యాధి ఉన్నవారు 100 కోట్ల పైమాటే. వీటిలో ఎక్కువ భాగం ముందే ఆపగలిగినవి, తొలిదశలో తేలిగ్గా నయమయ్యేవి. అయినా డాక్టరు దగ్గరికి వెళ్ళేది నొప్పి భరించలేని రోజునే.

పిప్పిపన్ను ఒక్క రోజులో రాదు. నోట్లోని క్రిములు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లానికి పంటిమీది ఎనామిల్‌లోని ఖనిజం కరుగుతుంది. లాలాజలానికి కాస్త వ్యవధి ఇస్తే పోయిన ఖనిజాన్ని తిరిగి చేరుస్తుంది. అందుకే తీపి ఎంత తిన్నామన్న దానితోపాటు ఎన్నిసార్లు తిన్నామన్నదీ ముఖ్యమే. మొదట కనిపించేది గుంట కాదు, సుద్దలాంటి తెల్ల మచ్చ. ఆ దశలో ఫ్లోరైడ్‌తో, తీపి తగ్గించడంతో దాన్ని వెనక్కి మళ్ళించవచ్చు. గుంట పడ్డాక ఫిల్లింగ్ కావాలి. చల్లనిది తగిలినప్పుడు జివ్వుమని వెంటనే సర్దుకుంటే నరం ఇంకా కోలుకోగలదని ఆశ ఉంటుంది. నిమిషాల తరబడి లాగినా, ఏమీ తగలకుండానే అర్ధరాత్రి సలిపినా ఆ ఆశ చాలావరకు పోయినట్టే. అప్పుడు రూట్ కెనాల్ చేయించాలి, లేదా పన్ను తీయించాలి.

ఈ దశలోనే యాంటీబయాటిక్ మాత్రలు రంగంలోకి దిగుతాయి. ఈ అలవాటుపై మేము గట్టిగానే మాట్లాడదలిచాం. మందు రక్తంతోపాటు ప్రయాణిస్తుంది. చచ్చిన నరానికి రక్తమే అందదు, ఇక మందేం అందుతుంది? అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, పెద్దల్లో మామూలు పంటి నొప్పికి, పన్ను దగ్గరే ఆగిన చీముకి వెంటనే చికిత్స అందుబాటులో ఉంటే యాంటీబయాటిక్ వద్దనే చెబుతున్నాయి. జ్వరం వచ్చినప్పుడు, వాపు పాకుతున్నప్పుడు వాటి అవసరం ఉంది. అప్పుడైనా చీముకి దారి చేయాలి, మూలాన్ని తొలగించాలి. మాత్ర ఒక్కటే వైద్యం కాదు. అడగ్గానే ఇచ్చే దుకాణాలది ఎంత తప్పో, చికిత్సకు టైమ్ లేక చీటీ రాసి పంపే డాక్టర్లదీ అంతే తప్పు. నొప్పి తగ్గుతుందని ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టుకునేవారూ ఉన్నారు. అది నొప్పిని తగ్గించదు సరికదా, అక్కడి చర్మాన్ని కాలుస్తుంది.

పాకే వాపు ఎంత ప్రమాదమో చాలామందికి తెలియదు. కింది దవడ పన్ను నుంచి మొదలైన చీము గడ్డం కిందకు, నాలుక కిందకు రెండువైపులా వ్యాపించే స్థితిని జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1836లో వర్ణించారు. దానికి ఇప్పటికీ ఆయన పేరే. నాలుక పైకి లేస్తుంది, మింగడం కష్టమవుతుంది, గొంతు మారుతుంది, ఊపిరి ఆడదు. అలాంటప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు, నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళాలి. పంటి వాపుతో నోరు తెరుచుకోకపోయినా, వాపు కంటివైపు పాకుతున్నా అంతే.

చిగుళ్ల జబ్బు మరీ మౌనంగా వస్తుంది. పళ్ళు తోముకుంటుంటే రక్తం కనబడటమే తొలి గుర్తు. రక్తం వస్తోందని అక్కడ బ్రష్ పెట్టడం మానేస్తారు, దాంతో పాచి ఇంకా పేరుకుంటుంది. పాచి గట్టిపడి గార అయ్యాక ఏ బ్రష్షూ దాన్ని కదపలేదు, క్లీనింగ్ చేయించాల్సిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం అర్థం లేనిది. పళ్ళను వదులు చేసేది గార కింద కరిగిపోతున్న ఎముకే. చిగురు వాపు దశలో జబ్బు పూర్తిగా తగ్గుతుంది. ఎముక కరిగాక ఉన్నదాన్ని నిలుపుకోవడమే మిగులుతుంది. షుగర్ ఉన్నవారికి ఇది త్వరగా ముదురుతుంది, చిగుళ్లు చెడితే షుగర్ అదుపులోకి రావడమూ కష్టమే.

ఇక నోట్లో పుండ్లు. మామూలు నోటిపూత మంట పెడుతుంది, వారం రెండు వారాల్లో దానంతటదే మానుతుంది. పదే పదే వస్తుంటే ఐరన్, బి12, ఫోలిక్ యాసిడ్ తక్కువయ్యాయేమో రక్తపరీక్షలో చూడాలి. పెదవి అంచున గుంపుగా లేచే నీటిపొక్కులు వేరే, అవి హెర్పిస్ వైరస్ పని. తుడిస్తే ఊడివచ్చే తెల్లటి పూత సాధారణంగా ఫంగస్. పసిపిల్లల్లో, కట్టుడు పళ్ళు తీయకుండానే నిద్రపోయేవారిలో, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడి నోరు పుక్కిలించనివారిలో కనిపిస్తుంది.

తుడిచినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నొప్పి లేని గడ్డ, కారణం లేకుండా వదులైన పన్ను, మొద్దుబారిన పెదవి, మూడు వారాలు దాటినా మానని పుండు — వీటిని వెంటనే చూపించాలి. రెండు వారాలు దాటగానే చూపించినా తొందరపాటేమీ కాదు. డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతామంటే కంగారుపడి వెనక్కి రావద్దు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న మాట నమ్మి నెలలు పోగొట్టుకోవద్దు. పెదవి, నోటి క్యాన్సర్లు 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3.9 లక్షల మందికి కొత్తగా వచ్చాయి, దాదాపు 1.9 లక్షల మందిని బలిగొన్నాయి. పొగాకు, మద్యం, వక్క ప్రధాన కారణాలు. వక్కను పొగాకుతో కలపకుండా నమిలినా ముప్పే. నోటి లోపలి పొర గట్టిపడి రోజురోజుకీ తెరుచుకోవడం తగ్గుతుంటే దాన్నీ వయసు మీదికి నెట్టేయకూడదు.

దవడ సంగతి కాస్త భిన్నం. ఇక్కడ కంగారే ఎక్కువ. నోరు తెరిచినప్పుడు టక్కుమనే శబ్దం ఒక్కటే ఉండి, నొప్పీ బిగుసుకోవడమూ లేకపోతే చికిత్స అక్కర్లేదు. నొప్పి ఉన్నా చాలామందికి మెత్తటి ఆహారం, వేడి కాపడం, పళ్ళు బిగబట్టే అలవాటు మానడం, కొద్దిరోజుల మందులతో తగ్గుతుంది. టెన్షన్ ఎక్కువైనప్పుడు పళ్ళు కొరకడం పెరుగుతుందని గమనించినవారికి సగం దారి దొరికినట్టే. మొదటే ఆపరేషన్ మాట ఎత్తితే మరో డాక్టరును అడగడం మంచిది. అయితే శ్రమ చేసినప్పుడు దవడలోకి లాగే నొప్పి గుండెదీ కావచ్చు. చెంప తాకితే చాలు కరెంటు షాకులా కొట్టే నొప్పి ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరానిది కావచ్చు, దానికి మంచి పళ్ళను పీకించుకున్నవారున్నారు. ఎముకల బలానికి బిస్ఫాస్ఫొనేట్ మందులు వాడేవారు, తలకో మెడకో రేడియేషన్ తీసుకున్నవారు ఆ సంగతి పన్ను తీయించకముందే చెప్పాలి. లేదంటే దవడ ఎముక మానకుండా మిగిలే ప్రమాదం ఉంది.

ఇవన్నీ రోగి ఒక్కడే గుర్తుపెట్టుకోవాలనడం న్యాయం కాదు. 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో తొలి దంత వైద్య కళాశాల విడిగా మొదలైంది. అక్కడి నుంచి నోటి వైద్యం, ఒంటి వైద్యం వేర్వేరు దారుల్లోనే నడుస్తున్నాయి. బీమా పథకాలు కూడా చాలాచోట్ల పళ్ళను ఒంట్లో భాగంగా లెక్కించవు. బీపీ చూసే నర్సు, షుగర్ చూసే డాక్టరు నాలుక ఎత్తించి, చెంపల లోపల టార్చి వేసి చూడటానికి రెండు నిమిషాలు చాలు. పొగాకు, వక్క అలవాటు ఉన్నవారికి ఈ చూపు తప్పనిసరి కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ టూత్‌పేస్టును అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అయినా ఎన్నో దేశాల చట్టాల్లో అది ఇంకా సౌందర్య సాధనమే. రోజుకు రెండుసార్లు అందరికీ అవసరమైన ఆ మందుపై అలంకార సామగ్రి పన్ను వేస్తున్న ప్రభుత్వాలు ముందు దాన్ని ఎత్తేయాలి.