అభియోగ పత్రం: ముద్దాయిలు రెండు మూత్రపిండాలు

మన పట్టణాల్లో మరుగుదొడ్లు చాలడం లేదని కొందరు పనిగట్టుకుని పురపాలక సంఘాలను ఆడిపోసుకుంటున్నారు. ఇది ఘోరమైన అన్యాయం. అసలు దోషులు మన నడుముకు కాస్త పైన, వెన్నెముకకు చెరో పక్కన నక్కి ఉన్నారు. ఒక్కొక్కరి బరువు 150 గ్రాములకు అటూ ఇటూ. కుడివైపు ముద్దాయి పైనున్న కాలేయానికి చోటిచ్చి కొంచెం కిందికి ఒదిగి కూర్చుంటాడు. ఆ వినయం చూసి ఎవరూ మోసపోకూడదు.

మొదటి నేరం వృథా శ్రమ. గుండె పంపే రక్తంలో ఐదో వంతుకు పైగా వీళ్ళ వాటాకే పోతుంది. ఒక్కో మూత్రపిండంలో నెఫ్రాన్లు అనే సూక్ష్మమైన వడపోత గొట్టాలు దాదాపు 10 లక్షలు పనిలో ఉంటాయి. ఇంత సిబ్బందీ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడుతుంది. ఒంట్లో ఉన్న ప్లాస్మాయే, అంటే రక్తంలోని ద్రవభాగమే, మూడు లీటర్లు కాబట్టి, ఉన్నదాన్నే రోజుకు అరవై సార్లు వడగడుతున్నారన్నమాట. పోనీ అదంతా బయటికి పోతుందా? లేదు. భోగికి ముందు ఇంట్లో సామానంతా వాకిట్లో పడేసి, పనికొచ్చేవి ఏరుకుని మళ్ళీ లోపల సర్దినట్టు, నీళ్ళు, ఉప్పు, చక్కెర దాదాపు అన్నీ వెనక్కి తెచ్చుకుంటారు. చివరికి తేలేది లీటరున్నర మూత్రం. భోగి ఏడాదికొకసారి కాబట్టి సరిపోయింది.

రెండో నేరం మరీ తీవ్రమైనది. వీళ్ళకు విరామం లేదు. నీళ్ళు తాగడం మానేస్తే దారికొస్తారనుకుంటాం. అప్పుడు మెదడు నుంచి ఒక హార్మోను దిగుతుంది, నెఫ్రాన్లు మరింత నీటిని వెనక్కి లాక్కుంటాయి, మూత్రం రక్తం కంటే నాలుగు రెట్లు చిక్కబడుతుంది. అయినా పని ఆగదు. యూరియా లాంటి చెత్తను వదిలించుకోవాలంటే ఎంత పొదుపు చేసినా రోజుకు అర లీటరు దాకా పోయక తప్పదట. బస్‌స్టాండులో మరుగుదొడ్డి ఉందో లేదో కనుక్కోరు, ఆదివారమని చూడరు.

తయారైనదాన్ని రెండు సన్నని నాళాలు నిమిషానికి ఒకటో రెండో అలలుగా పిండుతూ కిందికి తోస్తాయి. మనిషి పడుకున్నా సరే, తోస్తాయి. ఆ నాళాలు మూత్రాశయం గోడలోకి ఏటవాలుగా దూరతాయి. సంచీ నిండేకొద్దీ ఆ గోడే వాటిని నొక్కి మూసేస్తుంది కాబట్టి వచ్చింది వెనక్కి పోదు. వచ్చిన దస్త్రాన్ని పై కార్యాలయానికి తిప్పి పంపే సదుపాయం లేని ఏకైక విభాగం ఇదే. 200 మిల్లీలీటర్లు చేరేసరికి మొదటి కబురు వస్తుంది. 400 దాటితే అది కబురు కాదు, అల్టిమేటం.

ఇక్కడ న్యాయంగా ఒకరిని మెచ్చుకోవాలి. మూత్రాశయం అడుగున దారిని బిగించి మూసే రెండు సంవరణి కండరాలు ఉంటాయి. లోపలిది మన మాట వినదు, బయటిది వింటుంది. కండరం వదలాలా వద్దా అన్నది నుదుటి వెనకున్న మెదడు భాగం నిర్ణయిస్తుంది. ఇది తగిన చోటేనా, ఎవరైనా చూస్తున్నారా అని ఆలోచించి మరీ అనుమతి ఇస్తుంది. పసిపిల్లలకు ఈ విచక్షణ ఇంకా రాదు. ఎదిగిన మగవాళ్ళకు వచ్చి, ఏ గోడ కనబడితే ఆ గోడ దగ్గర పోతుంది. గోడల మీద దేవుళ్ళ బొమ్మలున్న టైల్సు అతికించాల్సి వచ్చిందంటే, ఆ మెదడు భాగానికి పై అధికారి అవసరమైందన్నమాట.

ఆడవాళ్ళ విషయంలో మాత్రం ఈ దేశం ఎప్పుడో పరిష్కారం కనిపెట్టింది. వాళ్ళు నీళ్ళు తాగరు. హైదరాబాదులో బస్సెక్కి విజయవాడలో దిగేదాకా సీసా మూత తియ్యరు. బడిలో ఆడపిల్లలు, ఎండలో ఉపాధి కూలీలు, రోడ్డు పక్క పూలమ్మేవాళ్ళు, అందరూ ఈ పథకం లబ్ధిదారులే. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు. చిక్కబడిన మూత్రంలో రాళ్ళు కట్టడం, మూత్రం బయటికొచ్చే నాలుగు సెంటీమీటర్ల పొట్టి నాళం గుండా పైకెక్కే క్రిములను కడిగేసే ధార లేక మంట, జ్వరం రావడం వంటివి చిన్న చిన్న అమలు లోపాలు. ముంబైలో కొన్ని మహిళా సంఘాలు 2011లో ‘రైట్ టు పీ’ (మూత్రవిసర్జన హక్కు) అంటూ ఉద్యమానికి దిగాయి. మగవాళ్ళకు ఉచితమైన పనికి తమ దగ్గర డబ్బులెందుకు తీసుకుంటున్నారని వాళ్ళ ప్రశ్న. ప్రశ్న మూత్రపిండాలను అడగాల్సింది పోయి పాలకులను అడిగారు!

కనుక ముద్దాయిలిద్దరినీ తక్షణం సస్పెండు చేయాలని కోరబోయాను. ఈలోగా వాళ్ళు నిజంగానే పని మానేసిన మనుషుల సంగతి తెలిసింది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రం పక్కన పడుకోవాలి. తాగే నీళ్ళు కొలిచి తాగాలి. అంత చేసినా యంత్రం ఆ పనిలో కొంతే చేయగలుగుతుంది. ఎర్ర రక్తకణాలను తయారుచేయమని ఎముక మజ్జకు కబురంపే పనీ, విటమిన్ డిని పనికొచ్చేలా మార్చే పనీ కూడా వీళ్ళే జీతం లేకుండా చేస్తున్నారట. దాంతో సస్పెన్షన్ ప్రతిపాదన ప్రస్తుతానికి వెనక్కి తీసుకుంటున్నాను.

దాని బదులు చిన్న సవరణ చాలు. బస్‌స్టాండులో మహిళల మరుగుదొడ్డి తాళం తెరిచేదాకా మూత్రపిండాలు ఆగాలి. తాళంచెవి ఉన్న మనిషి టీ తాగడానికి వెళ్ళాడు, వచ్చేస్తాడు. ఆ టీ ఆయన మూత్రాశయంలోకీ దిగుతుంది కదా అంటారా? ఆయనకేం, గోడ ఉంది.