చీలిపోయిన ఇత్తడి కేసు గారికి

మహారాజశ్రీ పాయింట్ త్రీటూ తూటా ఇత్తడి కేసు గారికి, అనగా మందునూ బుల్లెట్‌నూ పట్టుకుని ఉండే ఇత్తడి గొట్టం గారికి, చెన్నై పెరంబూరు నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. కళ్ళజోడు పుణ్యం. తమరి క్షేమం అడగను. షూటింగ్ రేంజ్‌లో పేల్చగానే పొడవునా చీలి, నా తుపాకీలో తూటా కూర్చునే చాంబర్‌లో ఇరుక్కుపోయిన తమరిని ఆర్మరర్, అంటే తుపాకులు బాగుచేసే ఆయన, రాడ్డుతో తట్టి తట్టి బయటికి లాగేసరికి నా రిలే, అంటే కాల్చే వంతు, అయిపోయింది, ఆఫీసులో బతిమాలి తెచ్చుకున్న హాఫ్ డే లీవూ అయిపోయింది.

తమరి ఉద్యోగం చిన్నదని నేననను. అందరూ బుల్లెట్‌నే పొగుడుతారు గానీ, పేలిన క్షణంలో ఉబ్బి చాంబర్ గోడకు అతుక్కుని, గ్యాస్ నా మొహం వైపు రాకుండా ఆపేది తమరే. మరుక్షణం కాస్త ముడుచుకుని బుద్ధిగా బయటికి వచ్చేదీ తమరే. కారు టైరుకు 32 పీఎస్‌ఐ గాలి కొట్టిస్తాం. తమరిది ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ సామాజికవర్గం, అమెరికా ప్రమాణంలో పేలినప్పటి ఒత్తిడి గరిష్ఠం 15,000 పీఎస్‌ఐ. నైన్ ఎంఎం వాళ్ళకైతే 35,000. ఇంత భారం మోసేవాళ్ళను ఒకసారి వెలుతురులో తిప్పి చూడాలని ఎవరికీ తోచదు.

"ఒన్నుమాగాదు సార్, పళయ స్టాక్ దాన్" అన్నాడు రేంజ్ స్టోర్‌లో ఆయన. పాత సరుకేనట, ఏమీ కాదట. ధర మాత్రం పాతది కాదు.

హ్యూస్టన్‌లో ఉన్న మా బావ ఖాళీ కేసుల్లో మందూ బుల్లెట్టూ నింపి తన తూటాలు తనే తయారుచేసుకుంటాడు. అక్కడ చెల్లుతుంది. ఇక్కడ లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద జైలే. తమరి ఫోటో పంపగానే ఫోన్ చేసి క్లాసు మొదలుపెట్టాడు. "ఒరేయ్, నేను ఖాళీ కేసుల్ని గుప్పిట్లో పోసి గలగలలాడిస్తా. చీలింది ఉంటే మోత తేడాగా వస్తుంది. మూతి దగ్గర సన్నగీత కనిపించినా చెత్తబుట్టే. మందు వేశాక ట్రే మీద టార్చి కొట్టి ఒక్కో కేసులోకీ తొంగి చూస్తా. కొన్ని పిస్టల్ మందులు సగం కూడా నిండవు, రెండుసార్లు పడినా పైకి పొర్లవు. బుల్లెట్ లోపలికి దిగబడినా ప్రెషర్ పెరుగుతుంది. చప్పుడు నీరసంగా వస్తే రెండో షాట్ కొట్టనే కొట్టను, మొదటిది బ్యారెల్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు." ఈ మనిషే మా అక్క స్టవ్ కట్టేయమంటే మర్చిపోతాడు, అది వేరే సంగతి.

అసలు తమరి వంశానికి మన వాతావరణం కొత్తా? బ్రిటిష్ వాళ్ళ కాలంలో వానాకాలమంతా తూటాలను గుర్రపుశాలల్లో దాచేవారు. వానలు వెలిశాక చూస్తే చాలావాటికి పగుళ్ళు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి చేసిన పని అని 1921లో తేల్చారు. మందు ఎక్కువై కాదు, ఎవరో పేల్చీ కాదు, ఊరికే కూర్చోబెట్టినందుకే పగిలాయి. అందుకే మా బావ అమ్మోనియా ఉన్న పాలిష్‌ను ఇత్తడి దరిదాపులకు రానివ్వడు.

ఇది విన్నాక ఆ స్టోర్ బీరువా గుర్తొచ్చింది. కింది అరలో తూటా పెట్టెలు, పై అరలో అద్దాలు తుడిచే ద్రావకం క్యాన్లు, ఒకటి మూత కూడా లేకుండా. ఆ ద్రావకాల్లో కొన్నిటిలో ఉండేది అదే అమ్మోనియా. దాంతోనే పగిలావని నేను ప్రమాణం చేయలేను. కానీ నూరేళ్ళ కిందటి గుర్రాలకు తెలియదంటే ఒప్పుకుంటాను, తాళంచెవి నడుముకు కట్టుకు తిరిగే మనిషికి తెలియకపోతే ఎలా? నువ్వైనా పెట్టెలో ఉన్నప్పుడే పగిలి చావొచ్చు కదా, నా వేళ్ళకు ఆరంగుళాల దూరంలోనే పగలాలా? వేళ్ళు ఇంకా చురచురమంటున్నాయి!

లాట్ నంబర్ కాగితం మీద రాసి, మిగిలిన నీ తోబుట్టువులతో సహా పెట్టె తిరిగి ఇచ్చేశాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పెట్టెను తీసుకెళ్ళి అదే అరలో పెట్టాడు.

ఇట్లు,
లీవు పోయిన షూటర్