తలుపు ముందు అయిదు ఎడిషన్లు

నేలమాళిగ మెట్లు దిగి, ఎడమకు తిరిగి, నలభై అడుగులు నడిచిన తరువాత మా వీరులు అయిదుగురికీ ఒక కొయ్యతలుపు ఎదురైంది. తలుపు బిగుసుకుపోయి ఉంది. దాన్ని భుజం పెట్టి నెట్టాలని వారందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ సాయంత్రం మా బల్ల చుట్టూ ఏకాభిప్రాయం కనిపించిన ఆఖరి క్షణం అదే. అప్పుడు గడియారం ఆరు చూపిస్తోంది. ఈ వ్యాసం రాయాలన్న బుద్ధి పుట్టేసరికి తొమ్మిదిన్నర అయింది.

ఈ ఆటతో పరిచయం లేని పాఠకులకు కొంత వివరణ అవసరం. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒకరు డంజన్ మాస్టర్‌గా కూర్చుని కల్పిత లోకాన్ని వర్ణిస్తారు, మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి తామేం చేయదలచారో చెబుతారు, ఫలితం సందేహంలో పడిన చోట పాచికలు వేస్తారు. ఎన్ని ముఖాల పాచిక వేయాలో, ఎంత పడితే గెలుపో నియమాల పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకం ఒక్కటే అయి ఉంటే మనుషులు ఆట ఆడుకుని ఇళ్లకు పోయేవారు. 1974 నుంచి అది ఎడిషన్ మీద ఎడిషన్‌గా వెలువడుతూ వచ్చిన కారణంగా ఆ ప్రమాదం తప్పింది. ఆ రోజు డంజన్ మాస్టర్ పీఠం మీద ఉన్నది నేను. ఆ పీఠానికి ఎంత విలువ ఉందో పాఠకులకు త్వరలోనే తెలుస్తుంది.

మా బృందంలో పెద్దాయన 1974 నాటి మూడు చిన్న పుస్తకాలే ప్రమాణమని నమ్మినవారు. ఆయన ఆరు ముఖాల పాచిక చేతిలోకి తీసుకుని, ఒకటి గాని రెండు గాని పడితే తలుపు తెరుచుకుంటుందని, అంతకు మించిన ఆలోచన ఈ కాలపు జబ్బు అని సెలవిచ్చారు. రెండో ఎడిషన్ పక్షాన నిలిచిన మిత్రుడు దీన్ని ఖండించాడు. యోధుడి బలం పద్దెనిమిది అయినంత మాత్రాన సరిపోదని, అది ఎటువంటి పద్దెనిమిదో శాతం పాచికలతో తేల్చి ఉండాలని, పద్దెనిమిది మీద అరవై రెండుకూ పద్దెనిమిది మీద తొంభై ఆరుకూ ఉన్న అంతరం ఎరగని వాడు తలుపును ముట్టుకోవడమే అపచారమని వాదించాడు. మూడో ఎడిషన్ వాది నవ్వి, సాదా కొయ్యతలుపు బిగుసుకుపోతే ఇరవై ముఖాల పాచికకు బలం కలిపి 13 తేవాలని చెప్పాడు. నెట్టడం నచ్చనివారు గొడ్డలి పట్టవచ్చునట. ప్రతి దెబ్బలోనూ కొయ్య గట్టిదనం కింద 5 మినహాయించగా మిగిలినది కూడుతూ పోయి 10కి చేరితే తలుపు ప్రాణం పోతుందట. నాలుగో ఎడిషన్ వాది అసలు దీన్ని తలుపుగా చూడటమే పొరపాటన్నాడు. ఇది జట్టంతా కలిసి ఎదుర్కోవలసిన నైపుణ్య పరీక్ష అని, మూడు వైఫల్యాలు మూటకట్టుకోకముందే చాలినన్ని విజయాలు సాధించాలని, అందుచేత మా గాయకుడు కూడా తలుపుతో నాలుగు మంచి మాటలు మాట్లాడి చూడాలని ప్రతిపాదించాడు.

అందరికన్నా చిన్నదైన అమ్మాయి అయిదో ఎడిషన్‌తో ఆట మొదలుపెట్టింది. "కష్టం ఎంతో డంజన్ మాస్టర్ గారు నిర్ణయిస్తారు కదండీ, ఆయన్నే అడుగుదాం" అంది. మిగిలిన నలుగురూ ఆమె వంక జాలిగా చూసి, మళ్లీ తమ వాదంలో పడ్డారు.

ఆ అమ్మాయి చెప్పినదే మూలగ్రంథం చెబుతుందన్నది ఇక్కడి విశేషం. ఆట సృష్టికర్తలు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో వెలువరించిన మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. అందులోని మూడో పుస్తకం చివర, ఏది ఎలా ఉండాలని మీకనిపిస్తే అలాగే చేసుకోండి, మీ తరఫున ఊహించే పని కూడా మాకే ఎందుకు అని రాసి ఉంది. ఆ తరువాతి ఎడిషన్లు కూడా ఇదే మాటను తలా ఒక తీరులో, తలా ఒక ధరకు చెబుతూ వచ్చాయి. నియమాలు మీ సౌకర్యం కోసమే, నచ్చకపోతే మార్చుకోండి అని ప్రతి ఎడిషన్ మొత్తుకుంటోంది. అలా మొత్తుకున్న పుస్తకాల్లో ఏది అసలైనదో తేల్చుకోవడానికి యాభై ఏళ్లుగా స్నేహాలు తెగిపోతున్నాయి. ఇది వైరుధ్యమని తొందరపడి అనేవారు ఉంటారు. నా దృష్టిలో ఇది పరిణతి. కట్టుబడి తీరవలసిన చట్టం గురించి ఎవరైనా పోట్లాడగలరు. కట్టుబడనక్కరలేని చట్టం గురించి పోట్లాడటానికి సంస్కారం కావాలి.

ఈ సంస్కారం భక్తులు కనిపెట్టినది కాదు, మూలపురుషుల నుంచి సంక్రమించినదే. మీకు తోచినట్టు చేసుకోమన్న గైగాక్స్, దశాబ్దం ముగియకముందే అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కొత్త శాఖను స్థాపించి, ఆట అంతటా ఒకే తీరుగా సాగాలన్న పట్టుదలకు వచ్చారు. ఆ కొత్త పుస్తకాల రాయల్టీ విషయమై ఆర్నెసన్ 1979లో అప్పటి ప్రచురణ సంస్థ టీఎస్ఆర్ కంపెనీ మీద దావా వేశారు. అడ్వాన్స్‌డ్ అన్నది పాత ఆటేనా, వేరే ఆటా అన్న ప్రశ్న ఆ విధంగా న్యాయవాదుల దాకా వెళ్లింది. 1981లో రాజీ కుదిరింది గాని, ఆ ప్రశ్న మాత్రం చావలేదు. అదే 1981లోనూ, మళ్లీ 1983లోనూ బేసిక్ పెట్టెలు సరికొత్తగా వచ్చాయి. వాటిలో ఎల్ఫ్ అనే కల్పిత జాతి జీవి జాతీ వృత్తీ రెండూ తానే అయిన పాత్ర. పక్కనే అమ్ముడవుతున్న అడ్వాన్స్‌డ్‌లో మాత్రం ఎల్ఫ్‌కు విడిగా ఒక ఉద్యోగం ఉండాలి. ఒకే కంపెనీ రెండు సిద్ధాంతాలనూ ఒకే కాలంలో అమ్ముకోగలిగిందంటే, అభిమానులకు ఒకే బల్ల దగ్గర అయిదు సిద్ధాంతాలు ఉండటంలో ఆశ్చర్యమేముంది?

థాకో ప్రస్తావన లేకుండా ఈ విషయం మీద రాసిన వ్యాసాన్ని ఎవరూ గౌరవించరు కాబట్టి ఆ సంగతికి వస్తున్నాను. పాత ఎడిషన్లలో కవచం ఎంత మంచిదైతే దాని అంకె అంత చిన్నదిగా ఉంటుంది. అడ్వాన్స్‌డ్ లెక్కలో పది అంటే ఒంటి మీద ఏమీ లేదని, సున్నా అంటే మహా కవచమని, సున్నా కంటే కిందికి పోతే మరీ భద్రమని అర్థం. సున్నా కవచాన్ని ఛేదించడానికి ఇరవై ముఖాల పాచిక మీద ఎంత పడాలో చెప్పే అంకె థాకో; 1989 నాటి రెండో ఎడిషన్ దీన్నే నడినెత్తిన పెట్టుకుంది. దాన్నుంచి శత్రువు కవచం అంకె తీసివేస్తే కావలసినది వస్తుంది. కవచం రుణ సంఖ్య అయితే తీసివేత కాస్తా కూడికగా మారుతుంది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఈ వ్యవస్థను తలకిందులు చేసి, పెద్ద అంకె అంటే మంచి కవచం అని ప్రకటించింది. అది సులువుగా ఉంది. అభ్యంతరం కూడా అదే. తీసివేత రాని చేతుల్లో కత్తి పెట్టడం ఎంత బాధ్యతారాహిత్యమో మా రెండో ఎడిషన్ మిత్రుడు నేటికీ గద్గద స్వరంతో వివరిస్తాడు. అతడి థాకో ఎంతని మధ్యలో అడిగితే మాత్రం కాగితం కోసం వెతుక్కుంటాడు.

మూడో ఎడిషన్ వచ్చిన మూడేళ్లకు మూడున్నర వచ్చింది. ఎడిషన్లకు దశాంశ స్థానాలు ఉండవచ్చునన్న ఈ ఆవిష్కరణ చర్చకు ఎంత మేలు చేసిందో చెప్పనలవి కాదు. అయితే అసలైన మహాయుద్ధం 2008లో నాలుగో ఎడిషన్‌తో వచ్చింది. అందులో యోధుడికీ మాంత్రికుడికీ ఒకే అచ్చులో శక్తులు పంచారు: ఎప్పుడు పడితే అప్పుడు వాడదగినవి కొన్ని, పోరాటానికి ఒకసారి వాడదగినవి కొన్ని, రోజుకు ఒకసారివి కొన్ని. మాంత్రికుడు అన్నీ చేయగలగడం, యోధుడు అతడి సంచి మోయడం అనే సనాతన ధర్మానికి అలవాటు పడ్డవారు దీన్ని సహించలేకపోయారు. ఇది వీడియో గేమ్ అన్నారు. ఆ తరువాత వారు చేసినది చరిత్రలో నిలిచిపోదగినది. మూడున్నర నియమాలను దిద్ది పైజో సంస్థ 2009లో పాత్‌ఫైండర్ అనే ఆటను తెస్తే, పాత పుస్తకాలకు ద్రోహం చేయబోమని ప్రతిజ్ఞ పట్టినవారు ఆ పాత నియమాలనే కొత్త పుస్తకాలుగా మొదటి నుంచి మళ్లీ కొనుక్కున్నారు. శంఖంలో పోస్తే గాని తీర్థం కాదు.

అందరినీ ఒక గొడుగు కిందికి తెస్తామన్న ఆశతో 2014లో అయిదో ఎడిషన్ వచ్చింది. కాబట్టి గొడుగు రంగు మీద చర్చ మొదలైంది. 2024లో అదే పుస్తకాలను సవరించి విడుదల చేస్తూ, ఇది ఆరో ఎడిషన్ కాదని ప్రచురణకర్తలు పదే పదే చెప్పారు. బిడ్డను పుట్టించి పేరు పెట్టకుండా వీధిలోకి వదిలితే ఏమవుతుందో అదే అయింది. అయిదున్నర అని కొందరు, ఇరవై నాలుగు అని కొందరు పిలుస్తున్నారు. మా అమ్మాయి దాన్ని "ఆ కొత్తది" అంటుంది.

ఈ పక్షాలన్నీ ఒక్కటైన సందర్భం ఒకే ఒకటి ఉంది. మూడో ఎడిషన్ కాలం నుంచి ఓపెన్ గేమ్ లైసెన్స్ అనే ఒప్పందం కింద ఎవరైనా ఈ నియమాల ఆధారంగా సొంత పుస్తకాలు వేసుకోగలిగేవారు. 2023 జనవరిలో, ఆ హక్కును బాగా బిగించే కొత్త లైసెన్స్ ముసాయిదా బయటికి పొక్కింది. అంతే, ఒకరి ముఖం ఒకరు చూడని పెద్దలు భుజం భుజం కలిపి నిలబడ్డారు. థాకో భక్తుడు నాలుగో ఎడిషన్ వాడికి టీ పోశాడు. నా కళ్లతో చూశాను. ఆ నెల గడవకముందే ప్రచురణకర్తలు వెనక్కి తగ్గి, అయిదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టేశారు. వారంతా దేన్ని కాపాడుకున్నారో గమనించండి. వారు కాపాడుకున్నది ఏ ఎడిషన్‌నూ కాదు, ఇంకో ఎడిషన్ పుట్టించి దాని మీద పోట్లాడుకునే హక్కును. విజయోత్సవం ఒక వారం సాగింది. రెండో వారంలో, ఆ పోరాటానికి అసలు నాయకత్వం వహించినది ఏ ఎడిషన్ వారన్న చర్చ మొదలైంది.

తొమ్మిదిన్నరకు నాకు ఓపిక నశించి, పెద్దాయన పక్కనే ఉన్న 1974 నాటి మూడో పుస్తకం తిరగేశాను. తలుపులను గురించి ఆయన చెప్పిన నియమం అక్కడ నిజంగానే ఉంది. దాని వెనకే ఇంకో వాక్యం కూడా ఉంది: వీరులు అడ్డుపట్టి మూసి ఉంచితే తప్ప, రాక్షసులకు తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. నేను గొంతు సవరించుకుని, "తలుపు తెరుచుకుంది" అన్నాను.

బల్ల చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దం అలుముకుంది. ఎవరు తెరిచారని మూడో ఎడిషన్ వాది అడిగాడు. అవతల ఉన్న గోబ్లిన్లు అనే చిన్న రాక్షసులు తెరిచాయని, మూడున్నర గంటలుగా ఇవతలి కేకలు విని ఏమిటో చూద్దామని వచ్చాయని, మొత్తం తొమ్మిది ఉన్నాయని, అన్నిటి చేతుల్లోనూ కత్తులు ఉన్నాయని చెప్పాను. పుస్తకంలోని వాక్యం చూపించాను. పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని చదివి, ఇది శాస్త్రసమ్మతమేనని ఒప్పుకున్నారు.

అప్పుడు అందరూ ఉత్సాహంగా పాచికలు అందుకున్నారు. ఎవరు ముందు కదలాలో తేలాలి కదా. పెద్దాయన చేతిలో ఆరు ముఖాల పాచిక ఉంది, జట్టు మొత్తానికీ కలిపి ఒక్కసారి వేస్తే చాలన్నారు. రెండో ఎడిషన్ మిత్రుడి చేతిలో పది ముఖాలది ఉంది, చిన్న అంకె వచ్చినవాడే ముందు అన్నాడు. మిగిలిన ముగ్గురి చేతుల్లోనూ ఇరవై ముఖాలవి ఉన్నాయి, ఎవరిది వారే వేయాలని, పెద్ద అంకె వచ్చినవాడే ముందని అన్నారు. గోబ్లిన్లు గుమ్మంలోనే నిలబడి ఉన్నాయి.