ఫ్రిజ్ ఎత్తాక ప్రార్థన

ఇది రాసేలోపు మూడుసార్లు స్నానం చేశాను. మూడోసారి బట్టల సబ్బుతో రుద్దుకున్నాను. అయినా ఇంట్లోవాళ్లు నాతో ఏం చెప్పాలన్నా పక్కగదిలోంచే కేకేస్తున్నారు. ఎవరూ దగ్గరికి రావడం లేదు కాబట్టి బోలెడంత తీరిక. రాసేస్తున్నాను.

వరద తీసిన తొమ్మిదో రోజున మా చర్చి సంఘం నుంచి పదకొండు మందిమి సహాయానికి వెళ్లాం. చీకటితోనే వ్యాన్ ఎక్కాం, పాటలు పాడాం, ఇద్దరు వాంతి చేసుకున్నారు, చేరాం.

ముందుగా గంటసేపు శిక్షణ. చెప్పినావిడ ఇలాంటి వరదలు చాలానే చూసినట్టుంది, మమ్మల్ని చూడగానే ఎవరెవరు ఏ తప్పు చేస్తారో లెక్కేసుకున్నట్టు కూడా ఉంది. తడిసిన గోడకు ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది, ఎన్95 మాస్కు తియ్యకండి అన్నారు. బ్లీచ్‌లో అమ్మోనియా ఉన్న క్లీనర్ కలిపితే విషవాయువు పుడుతుంది, సొంత ప్రయోగాలు వద్దన్నారు. జనరేటర్ ఇంటి లోపల పెడితే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోతాయన్నారు. అడగకుండా పాత బట్టలు తేవద్దన్నారు. 2004 సునామీ తర్వాత ఇండొనేషియాలో అలా వచ్చిన బట్టలు ఏరేవాళ్లు లేక సముద్రపు ఒడ్డున గుట్టలుగా పడి కుళ్లిపోయాయట. ఆ మాట వినగానే మా టీమ్ లీడర్ బ్రదర్ కిటికీలోంచి ఆకాశం చూశారు. మా వ్యాన్ వెనక ఐదు మూటల పాత బట్టలున్నాయి. ఒక మూటలోంచి తళుకుల గౌను అంచు బయటికి వేలాడుతోంది.

చివర్లో ఆవిడ గొంతు మార్చి, "ఫ్రిజ్ తలుపు మాత్రం చచ్చినా తెరవకండి" అన్నారు. కరెంటు పోయాక మూసి ఉన్న ఫ్రిజ్‌లో ఆహారం నాలుగు గంటలు బాగుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే, తలుపు తియ్యకపోతే, 48 గంటలు. ఇక్కడ తొమ్మిది రోజులైంది. 2005లో కత్రినా తుఫాను తర్వాత న్యూ ఆర్లీన్స్ వీధుల్లో జనం ఫ్రిజ్‌లకు చుట్టూ టేపు వేసి వరసగా బయట నిలబెట్టారట, వాటి మీద జోకులు కూడా రాశారట. మేమంతా నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

మాకు కేటాయించిన ఇల్లు ఒక పెద్దావిడది. గోడ మీద నీళ్లు నిలిచిన గీత నా ఛాతీ దాకా ఉంది. బురద ఎత్తాం, పరుపులు మోశాం. అదంతా బాగానే జరిగింది కాబట్టి దాని గురించి చెప్పడానికేం లేదు.

ఇక ఫ్రిజ్.

ఆ పెద్దావిడకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. అయినా తనంతట తనే దానికి వెడల్పాటి గోధుమరంగు టేపు నాలుగు చుట్లు వేసి, చివర అరచేత్తో నొక్కి పెట్టింది. దాన్ని అలాగే ఎత్తి వీధిలో పెడితే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ మా లీడర్ బ్రదర్ దగ్గర ఒక ఫారం ఉంది. ఆయన చెడ్డ మనిషి కాదు. సేవంటే ఆయనకు ప్రేమ, ఫారమంటే ఇంకొంచెం ఎక్కువ ప్రేమ. పారేసే ప్రతి వస్తువుకూ రంగు, కంపెనీ, సీరియల్ నంబరు రాయాలట. ఎవరు రాయమన్నారని అడిగితే "పైనుంచి" అన్నారు. సంఘంలో ఆ మాటకు రెండు అర్థాలున్నాయి కాబట్టి రెండో ప్రశ్న వెయ్యలేం.

నంబరు వెనకాల లేదు, పక్కన లేదు. చాలా ఫ్రిజ్‌లకు ఆ స్టిక్కరు లోపలి గోడకే ఉంటుంది. "ఒక్కసారి కొద్దిగా తీసి చూడండి బ్రదర్" అన్నారు. నేను నాలుగు చుట్లూ విప్పేశాను. తలుపు మీద చెయ్యి వేశానో లేదో, శిక్షణ ఇచ్చినావిడ ఎక్కడినుంచి చూశారో గాని వీధిలోంచి ఒక్క అరుపు అరిచారు. చెయ్యి తీసేశాను. బ్రదర్ కూడా వెంటనే "నేను చెప్తూనే ఉన్నా, తెరవొద్దని" అన్నారు.

సరే, మళ్లీ టేపు వేద్దామంటే మా సామాన్ల పెట్టెలో ఉన్నది మాస్కింగ్ టేపు. గోడలకు రంగులేసేటప్పుడు అంచుల వెంబడి అంటిస్తారే, ఆ కాగితం టేపు. ఊడిపోవడమే దాని గొప్పతనం. కింది రంగుకు దెబ్బ తగలకుండా సులువుగా ఊడి రావాలనే దాన్ని కనిపెట్టారు. దాన్ని తడి ఫ్రిజ్‌కు వేశాం. పెద్దావిడ గుమ్మం పక్కన నిలబడి చూసింది, ఏమీ అనలేదు. సహాయానికి వచ్చినవాళ్లను ఏమంటుంది పాపం.

ఆరుగురం ఎత్తాం. ముగ్గురు గుమ్మం లోపల, ముగ్గురం కింద మెట్ల మీద. ఫ్రిజ్ మా వైపు వాలి ఉంది. తలుపు సరిగ్గా నా ముఖానికి ఎదురుగా, జానెడు దూరంలో ఉంది. నా రెండు చేతులూ దాని అడుగున ఉన్నాయి. లోపల ఏదో ద్రవం ఇటునుంచి అటు నింపాదిగా కదలడం నా వేళ్లకు తెలుస్తోంది.

"ఆగండి, ఆగండి" అన్నారు బ్రదర్. "ఈ ఇంట్లో పని మొదలుపెట్టే ముందు ప్రార్థన చెయ్యలేదు కదా మనం."

పని మొదలై మూడు గంటలైంది. ఆ మాట ఎవరో ఒకరు అనాలి. దించి చేసుకుందామని ఎవరో ఒకరు అనాలి. కానీ ప్రార్థన వద్దన్నవాడిగా సంఘంలో పేరు పడటం ఎవరికిష్టం? ఆరుగురం కళ్లు మూసుకున్నాం.

బ్రదర్ చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని పైకెత్తారు. ఉదయకాలం కోసం వందనాలు చెల్లించారు. వ్యాన్ కోసం, డ్రైవర్ కోసం చెల్లించారు. నాలుగు టైర్ల కోసం చెల్లించారు, స్టెప్నీని కూడా మరవలేదు. వాంతి చేసుకున్న ఇద్దరి పేర్లూ ఎత్తి స్వస్థత అడిగారు. ఆ ఇద్దరూ నీడలో కూర్చుని నీళ్లు తాగుతున్నారు. (వచ్చే ఆదివారం నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మూడే నిమిషాలట. ఆయన ప్రార్థనకు కనిపించని గడియారం నా సాక్ష్యానికి కనిపించింది.)

అప్పుడు వినిపించింది. చర్ర్... మని, చాలా చిన్నగా.

ప్రార్థనలో ఒంటికన్ను తెరవడం నాకు చిన్నప్పటి అలవాటు. అమ్మ తొడ మీద గిల్లేది. కళ్లు మూసుకున్నదానివి నేను తెరిచినట్టు నీకెలా తెలిసిందని అడగాలని ప్రతిసారీ అనుకునేవాణ్ని, అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు. ఆ ఒంటికన్ను తెరిచి చూస్తే పైచుట్టు టేపు కొస లేచి గాలికి ఊగుతోంది. బ్రదర్ అధికారుల కోసం ప్రార్థిస్తున్నారు.

నాకొక ఉపాయం తట్టింది. దీన్ని ముగించాలి. ఎలా ముగుస్తుంది ప్రార్థన? ఆమెన్‌తో. గొంతెత్తి "ఆమెన్!" అన్నాను.

ఎంత పొరపాటో అన్నాక తెలిసింది. మన సంఘాల్లో ప్రార్థన చేసేవాడు ఆమెన్ అంటే అయిపోయిందని. వినేవాడు అంటే ఇంకా కానివ్వమని. మిగతా ఐదుగురూ "ఆమెన్! స్తోత్రం! హల్లెలూయ!" అని అందుకున్నారు. బ్రదర్ స్వరం రెండు మెట్లు పైకెళ్లింది. నాకు ఆత్మ ప్రేరేపణ కలిగిందనుకున్నారు కాబోలు, నా పేరు కూడా చెప్పి, నేరుగా బైబిల్లో జలప్రళయం నాటి నోవహు దగ్గరికి వెళ్లిపోయారు. నోవహు దగ్గరికి వెళ్లినవాళ్లు నలభై పగళ్లు, నలభై రాత్రులు గడవందే తిరిగి రారు.

రెండో చుట్టు ఊడింది. తలుపు సందులోంచి సన్నటి గాలి వచ్చింది. ఇక్కడ ఒక శాస్త్రీయ విషయం: ఎన్95 మాస్కు దుమ్మునూ బూజు రేణువులనూ ఆపుతుంది, వాసనను ఆపదు. చేతులు ఖాళీ లేవు కాబట్టి నుదురు తలుపుకు ఆనించి శక్తికొద్దీ నొక్కాను. కళ్లు గట్టిగా మూసుకున్నాను, మోకాళ్లు వణుకుతున్నాయి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పక్కనున్న తమ్ముడు ఇది చూసి, అన్న భారంతో ప్రార్థిస్తున్నాడనుకుని తనూ ఫ్రిజ్‌కు నుదురు ఆనించాడట. వ్యాన్‌లో చెప్పాడు. భారమైతే నిజమే, మొత్తం నా వైపే ఉంది.

ఆ క్షణంలో అక్కడ రెండు కళ్లూ తెరిచి ఉన్నది పెద్దావిడ ఒక్కతే.

"బాబూ, అది తెరుచుకుంటోంది" అంది.

"అవును ప్రభువా!" అన్నారు బ్రదర్. "తెరుచుకుంటున్నాయి! ఆకాశపు వాకిండ్లు తెరువుము! పట్టజాలనంత కుమ్మరించుము!"

కుమ్మరింపు జరిగింది.

మొదట బూడిదరంగు నీళ్లు వచ్చాయి. వాటి వెనక ఒకప్పుడు పాలు, ఒకప్పుడు మాంసం, ఒకప్పుడు ఏమిటో ఇక ఎవరూ చెప్పలేనిది. ప్లాస్టిక్ డబ్బా ఒకటి నా భుజం తాకి మర్యాదగా మూత తెరిచింది. అన్నిటికంటే ఆఖర్న ఒక గుడ్డు, ఎక్కడా చిట్లకుండా, టక్ టక్ టక్‌మని మెట్టు మెట్టుకూ దిగి వచ్చి నా బూటు పక్కన ఆగింది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. దాని మీద కాలు పడితే ఏమవుతుందో తెలుసు కాబట్టి కదల్లేదు. మిగతా ఐదుగురూ ఎప్పుడు వదిలేశారో, ఎటు పోయారో నాకు తెలియదు. ఫ్రిజ్ మాత్రం మెట్లకు చేరగిలబడి, తలుపు బార్లా తెరుచుకుని నా వైపే చూస్తోంది.

పెద్దావిడ బకెట్‌తో నీళ్లు తెచ్చి నా నెత్తిన పోసింది. ఆ నీళ్లు ట్యాంకర్ దగ్గర వరసలో నిలబడి పట్టుకున్నవి. పోస్తూ, "నేను నాలుగు చుట్లు వేశాను కదా నాయనా" అంది, అంతే. ఇంకో బకెట్ తెస్తానంది. మేం ఆవిడకు సహాయం చెయ్యడానికి వచ్చామని అప్పుడు గుర్తొచ్చింది.

బ్రదర్ వీధి అవతల, గాలి అటు వీచని చోట నిలబడి ఉన్నారు. ఫారం చేతిలోనే ఉంది. పెన్ను టోపీ తీశారు.

"బ్రదర్, ఎలాగూ తెరుచుకుంది కదా" అని అరిచారు. "ఆ నంబరు కాస్త చూసి చెప్పేద్దురూ."

తల లోపలికి పెట్టి చదివాను. గట్టిగా, ఒక్కో అంకె విడమర్చి.

"చివర్లో ఉన్నది సున్నానా, ఇంగ్లిష్ ఓనా బ్రదర్? మళ్లీ ఒకసారి చూడండి."