షీవనెల్లా గారికి ఒక విన్నపం

కరెంటు పుట్టించు బాక్టీరియా మ.రా.రా.శ్రీ షీవనెల్లా ఒనైడెన్సిస్ ఎంఆర్-1 గారి సముఖమునకు, పీహెచ్‌డీ నాలుగో ఏడు వెళ్లదీస్తున్న మీ సేవకుడు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అనడానికి లేదు. మీరు మాత్రం మధ్యాహ్నం మూడింటి నుంచి వేస్టు సీసా అడుగున క్షేమంగా ఉన్నారు.

మూడింటికి కరెంటు పోయింది. పంపు ఆగింది. జనరేటర్ అందుకునేసరికి ఎనిమిది నిమిషాలు. మీకు తిండి మోసుకొచ్చే ద్రవం, అదే మీడియం, పారక ఆక్సిజన్ తగ్గిందో లేదో, తొమ్మిది రోజులు కాపలా కాసి పెంచిన బయోఫిల్మ్‌లోంచి, అంటే మీరంతా అతుక్కుని కట్టిన పొరలోంచి, పెళ్లి భోజనాల బంతిలా లేచిపోయారు. కరెంటు పుట్టించాల్సినవారు కరెంటు పోతే పారిపోవడమేమిటండీ?

మీ గుణం తెలియక కాదు. ప్రవాహం ఆపితే నిమిషాల్లో ఊడిపోతారని స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2005లోనే రాసిపెట్టారు. అందుకేగా ఈ.కోలై అనే మరో బాక్టీరియా దగ్గర వైడీఈహెచ్ జీన్ అరువు తెచ్చి మీలో పెట్టింది! సైక్లిక్ డై-జీఎంపీ అనే సంకేత అణువును తయారుచేసేది అదే. ఒంట్లో అది పెరిగితే కుదురుగా అతుక్కుంటారు. తగ్గిందా, తోక ఆడించుకుంటూ ఈతకు. సింగపూర్‌లో ఇదే జీన్ పెడితే పొర మందంగా పేరుకుని, మామూలు షీవనెల్లా కంటే సుమారు 2.8 రెట్లు పవర్ ఇచ్చారట. అక్కడంత బుద్ధిమంతులు, మా ల్యాబుకొచ్చేసరికి ఏం రోగం?

సరే, అయిదో రోజు నుంచి మీడియంలో కనామైసిన్ వేయడం మరిచింది నేనే. ఆ జీన్ ఉన్న డీఎన్‌ఏ ఉంగరం, అదే ప్లాస్మిడ్, దగ్గరుంటేనే ఆ యాంటీబయాటిక్‌ను తట్టుకుంటారు. కానీ బెత్తం కనబడకపోతే ప్లాస్మిడ్ అలా పారేసుకుంటారా? బడి వదిలితే పలక కాలవలో పడేసే రకమన్నమాట!

గ్లూకోజ్ పెడితే ముట్టరు, లాక్టేటే కావాలి. అంతా తిని సీసాకు అర వోల్టు రాల్చరు. ఎర్ర ఎల్‌ఈడీ ఒక్కటి వెలగాలంటే మీలాంటి సీసాలు నాలుగైదు వరసగా కట్టాలి. ప్రాజెక్టు కాగితాల్లో మాత్రం మారుమూల పల్లెలకు వెలుగు! పక్క బెంచీ మీద మీలాగే కరెంటిచ్చే జియోబాక్టర్ ఉంది, గాలి తగిలితే అలుగుతుందే గానీ కరెంటు అందుకునే ఎలక్ట్రోడ్‌ను, అదే ఆనోడ్‌ను, పట్టుకుంటే ఉడుంపట్టు.

ఈ రాత్రే మిమ్మల్ని ఆనోడ్ గదిలోకి మార్చాలి. రేపు పదకొండింటికి ప్రాజెక్టు చూడ్డానికి పైవాళ్లొస్తున్నారు. ఏం చూపించను, సీసా అడుగున తెట్టునా? సిగ్గు లేదూ నీకు? నీకోసం రెండు పండగలకి ఇంటికెళ్లలేదు. అమ్మ ఫోన్ చేస్తే "పురుగులకి తిండి పెట్టాలి" అని చెప్పినవాణ్ని.

ఒనైడా సరస్సు బురదలో ఆక్సిజన్ లేకపోతే మాంగనీసుతో ఊపిరి పీల్చేదానివని, 1988 నాటి నీ కథ చదివే నేనీ చదువులోకి దిగాను. ఆ ముచ్చట ఇంకా చావలేదు, అదే నా ఖర్మ.

ఇందాక మీరు పొర కట్టిన కార్బన్ గుడ్డ మూల కత్తిరించి మైక్రోస్కోప్ కింద పెట్టాను. దారాల సందున కొద్దిమంది ఇంకా కరుచుకునే ఉన్నారు. గీరి కనామైసిన్ ప్లేటు మీద గీశాను.

పొద్దున్నే వస్తాను. ఒక్క కాలనీ అయినా లేచి ఉండు.

ఇట్లు,
నీ లాక్టేట్ సరఫరాదారు