పదో నంబరు మోసిన బరువు

2003 నవంబరు 22, సిడ్నీ. రగ్బీ ప్రపంచకప్ ఫైనల్లో అదనపు సమయం ముగియడానికి అర నిమిషం కూడా లేదు. ఇంగ్లండ్ 17, ఆస్ట్రేలియా 17. బంతి ఇంగ్లండ్ ఆటగాడు జానీ విల్కిన్సన్ చేతికొచ్చింది. ఆయనది ఎడమకాలి వాటం. ఆ క్షణాన వీలు చిక్కింది మాత్రం కుడికాలికి. తన్నాడు. డ్రాప్ గోల్, అంటే బంతిని నేలకు వదిలి, పైకి లేస్తుండగా తన్ని గోల్‌స్తంభాల మధ్య నుంచి పంపడం; దానికి మూడు పాయింట్లు. 20-17. ఉత్తరార్ధగోళం నుంచి ఒక జట్టు ఆ కప్పు ఎత్తడం అదే మొదలు, ఇప్పటికి అదొక్కటే.

ఆ తన్ను గురించి అందరూ రాశారు. మేం మాట్లాడదలచింది ఆ తర్వాతి 1,169 రోజుల గురించి. అప్పటికి 24 ఏళ్లున్న ఆ యువకుడు మళ్లీ ఇంగ్లండ్ జెర్సీ వేసుకుని మ్యాచ్ ఆడటానికి అన్ని రోజులు పట్టింది.

విల్కిన్సన్ వేసుకునే పదో నంబరు ఫ్లై-హాఫ్‌ది. ఆటగాళ్ల గుంపు నుంచి బంతి తీసిచ్చే స్క్రమ్ హాఫ్ అందించిన బంతిని తన్నాలో, పక్కవాడికివ్వాలో, తానే పరుగెత్తాలో రెప్పపాటులో తేల్చాల్సింది అతడే. చాలా జట్లలో పెనాల్టీలు తన్నే పనీ అతడిదే. ఆ ప్రపంచకప్ సెమీఫైనల్లో ఫ్రాన్స్‌పై ఇంగ్లండ్ చేసిన 24 పాయింట్లూ విల్కిన్సన్‌వే. ఇది చాలదన్నట్టు, బంతితో దూసుకొచ్చే మహాకాయుల మీదికి దూకి టాకిల్ చేయడంలోనూ, అంటే పట్టి పడేయడంలోనూ ఆయన వెనక్కి తగ్గేవాడు కాదు. ఆ స్థానంలో ఆడేవాళ్లలో అది అరుదు. మెడ, భుజం, మోకాలు, చివరికి మూత్రపిండం... గాయాల జాబితా పెరుగుతూనే పోయింది. 2005లో బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు లయన్స్‌తో న్యూజిలాండ్ వెళ్తే అక్కడా భుజానికి దెబ్బే.

అంతకన్నా బాధ కలిగించేది అభ్యాసం తీరు. జట్టంతా వెళ్లిపోయాక కూడా మైదానంలో ఒంటరిగా గంటల తరబడి తన్నేవాడు. మనసు ఒప్పుకునేదాకా ఆపేవాడు కాదు, అది ఒప్పుకునేది కాదు. 1998లో, 19 ఏళ్ల వయసులో, బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా చేతిలో 76-0తో చిత్తయిన జట్టులో ఆయనా ఉన్నాడు. ఆ ఓటమి ఎంత కుంగదీసిందో, ఆందోళన, కుంగుబాటు తనను ఎలా పట్టి పీడించాయో తర్వాతి కాలంలో ఆయనే దాపరికం లేకుండా చెప్పుకొచ్చాడు. ఆ ఒంటరి అభ్యాసాన్ని మేం అంకితభావమని రాశాం. మా వంటి పత్రికలన్నీ అలాగే రాశాయి. అందులో సగం భయమని గుర్తించలేకపోయాం.

ఆ అభ్యాసమే లేకపోతే సిడ్నీలో కుడికాలు పలికేదా అని అడిగేవాళ్లుంటారు. పలికేది కాదేమో. సాధన విలువను మేం తక్కువ చేయడం లేదు. ఎక్కడ ఆపాలో తేల్చే భారం సాధన చేసేవాడి మీదే వదిలేయడాన్ని తప్పుపడుతున్నాం. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే రగ్బీ ఇప్పుడు ఆటగాణ్ని బయటికి పిలిచి పరీక్షిస్తుంది. ‘నేను బాగానే ఉన్నాను’ అన్న అతడి మాటను నమ్మి ఊరుకోదు. మంచి నిబంధన. అభ్యాసంలో రోజుకెన్ని తన్నులు, ఎన్ని టాకిళ్లు, నిద్ర ఎలా పడుతోంది, మనసెలా ఉంది అన్నవాటికీ అదే సూత్రం వర్తించాలి. జట్టు వైద్యుడు వద్దంటే కోచ్ కూడా కాదనలేని స్థితి రావాలి. 18 ఏళ్లకే దేశం తరఫున బరిలోకి దిగిన కుర్రాడు తనంతట తాను ‘ఇక చాలు’ అంటాడని ఎదురుచూడటం అన్యాయం.

2007 ఫిబ్రవరిలో స్కాట్లాండ్‌పై తిరిగొచ్చిన రోజునే 27 పాయింట్లు సాధించాడు. ఆ ఏడాది మళ్లీ ప్రపంచకప్ ఫైనల్ ఆడాడు, దక్షిణాఫ్రికా చేతిలో ఓడాడు. 2011 డిసెంబరులో అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు పలికేనాటికి ఇంగ్లండ్ తరఫున 91 మ్యాచ్‌లు, 1,179 పాయింట్లు. గాయాలు మింగేసిన ఆ మూడేళ్లలో ఇంకెన్ని మ్యాచ్‌లు ఉండేవో!

ఫ్రాన్స్‌లోని తులాన్ క్లబ్‌లో ఆయనకు మలి యవ్వనం వచ్చింది. 2014 మే 24న యూరప్ క్లబ్‌ల కప్ గెలిచాడు. మర్నాడు 35 నిండాయి. ఆ వారమే 31న పారిస్‌లో ఫ్రెంచ్ లీగ్ ఫైనల్ కూడా గెలిచి, అదే చివరి మ్యాచ్‌గా బూట్లు విప్పాడు. అప్పుడు స్టేడియంలో ఫ్రెంచి అభిమానులు ఇంగ్లండ్ జాతీయగీతం పాడారు.